పదకొండు కిలోల ఫిర్యాదు

ఆరోగ్యంగా బతకాలంటే మనిషికి డాక్టరు అక్కర్లేదు. తెల్లవారుజాము నడక అక్కర్లేదు. మొలకెత్తిన పెసలు అసలే అక్కర్లేదు. కావలసింది ఒక్కటే: తన కారుకన్నా నాలుగు కిలోలు తేలికైన కారున్న ఒక ప్రత్యర్థి!

నవ్వకండి. ప్రత్యర్థి ఉన్నవాడికి వేరే పథ్యం ఎందుకు? మిత్రుడు వస్తాడు, మన ముఖం కేసి చూడకుండానే "బాగున్నావు" అంటాడు, టీ తాగి పోతాడు. ప్రత్యర్థి అలా కాదు. కాలిగోటి నుంచి జుట్టు కొస దాకా చూస్తాడు. మనం ఏం తిన్నాం, ఏం మానేశాం, ఎక్కడ వంగాం, ఎక్కడ కుంటాం, అన్నీ గుర్తుపెట్టుకుంటాడు. అంత శ్రద్ధగా మనల్ని చూసేవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరున్నారు? ఉంటే వాళ్ళ మాట మనం విన్నామా?

నమ్మకం కుదరకపోతే ఇంగ్లీషు దేశంలో, లింకన్‌షైర్ జిల్లాలో ఒక ఊళ్ళో ఉండే నెవిల్ ట్రాన్మర్‌ని అడగండి.

నెవిల్‌కి అరవై రెండేళ్ళు. బడిలో పిల్లలకి ముప్పై ఏళ్ళు వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు. రిటైరైన పెద్దమనుషులు ఆ ఊళ్ళో గులాబీలు పెంచుతారు. నెవిల్ కారు పెంచాడు. కొనడం కాదు, పెంచడమే. పద్నాలుగు అట్టపెట్టెల్లో ముక్కలుగా వచ్చిన దాన్ని రెండు చలికాలాలు గరాజులో కూర్చుని బిగించి పెద్దచేశాడు. దీన్ని కిట్ కారు అంటారు. ఇంట్లో ఆడవాళ్ళకి కిట్టదు కాబట్టి ఆ పేరొచ్చిందని నా పరిశోధన. బోల్డన్ని బోల్టులు, నట్టింట్లో నట్లు, భోజనాల బల్ల మీద గేర్‌బాక్సు. ఆయన భార్య గ్లెనిస్ రెండేళ్ళు ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తింది.

ఆ కారు పేరు కెస్ట్రెల్. దానికి తలుపులు లేవు. ఎక్కాలంటే ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు గాల్లో ఉంచి, మూడో కాలు లేనందుకు విచారిస్తూ కూలబడాలి. పైన కప్పు లేదు. కాబట్టి చేతిలో కప్పు పట్టుకుంటే వాన పుణ్యమా అని అదే నిండుతుంది. హీటర్ లేదు, రేడియో లేదు, సామాను పెట్టుకునే చోటు లేదు. ఇవన్నీ లేనివి కార్లే కావని కొందరంటారు. అలా అనేవాళ్ళు రసికులు కారు.

రెండు వీధుల అవతల డెస్మండ్ కర్క్ ఉన్నాడు. బస్సు కంపెనీలో మెకానిక్కుగా చేసి మానేశాడు. అతనిది విప్పెట్. ఇంకో కంపెనీ పెట్టెల్లోంచి పుట్టింది. అదే ఆకారం, అవే నాలుగు చక్రాలు, తలుపులు లేకపోవడం కూడా అచ్చం అలాగే. చూసేవాళ్ళకి రెండూ ఒకటే. ఆ మాట పైకి అన్న పాపానికి పోస్ట్‌మాన్‌ని డెస్మండ్ గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబెట్టి తేడాలు చెప్పాడు. ఆ రోజు ఆ వీధిలో ఎవరికీ ఉత్తరాలు అందలేదు.

విప్పెట్ వాళ్ళు కెస్ట్రెల్‌ని స్నానాల తొట్టి అంటారు. కెస్ట్రెల్ వాళ్ళు విప్పెట్‌ని చక్రాల చెప్పు అంటారు. ప్రతి ఆదివారం పొద్దున ఊరి బయట రోడ్డు పక్క కేఫ్ ముందు తొట్టీ, చెప్పూ పక్కపక్కన ఆగుతాయి.

"నిన్న వాన పడిందిగా. తొట్టిలో నీళ్ళు పట్టుకున్నావా?" అంటాడు డెస్మండ్.

"పట్టాను. నీ చెప్పు కడుక్కుంటావేమోనని."

"మా చెప్పు కింద పడి నలిగిన తొట్లు చాలా ఉన్నాయి గురూ."

"ఆ నలిగిన వాటికి బోల్టు బిగించింది నువ్వే అయ్యుంటావు."

ఇలా పలకరించుకున్నాక ఒకడి పళ్ళెంలో సాసేజి ఇంకొకడు తీసుకుని తింటాడు. అసలు సంగతి ఏమిటంటే ఇంజను ఎత్తే క్రేను ఇద్దరికీ కలిపి ఒక్కటే ఉంది. కెస్ట్రెల్‌లో సగం బోల్టులు బిగించింది డెస్మండే. విప్పెట్ డాష్‌బోర్డుకి అక్రోటు చెక్క చెక్కి, రాసి, మెరుగుపెట్టింది నెవిలే. ఈ రెండు వాక్యాలూ వాళ్ళ ముందు మాత్రం అనకండి.

వీళ్ళ మతంలో దేవుడు ఒక్కడే, బరువు. బరువు తగ్గితేనే పరువు. నెవిల్ ముందు కార్పెట్టు పీకేశాడు. తరవాత హ్యాండ్‌బ్రేకు కాడకి తొమ్మిది చిల్లులు పెట్టాడు. అదీ చాలక, నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన ప్రతి బోల్టు కొసనీ రంపంతో కోశాడు. రెండు వందల పద్నాలుగు బోల్టులు, మూడు వారాలు, మూడు వందల ఎనభై గ్రాములు! ఇది తెలిసి డెస్మండ్ బానెట్టు లోపలి వైపు రంగు గోకేశాడు. తూకం ముందు రోజు మీసం కూడా తీయించాడు. అది కాకతాళీయం అని ఇప్పటికీ అంటాడు.

తూకం అంటే, ఏటా మే నెల మొదటి ఆదివారం. పాత విమానాశ్రయం షెడ్డులో క్లబ్బు వాళ్ళు నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు పెడతారు. మనిషిని సీట్లో కూర్చోబెట్టే తూస్తారు. కారు అంత తేలికైనప్పుడు నడిపేవాడు కూడా ఒక విడిభాగమే కదా! కిందటేటి నుంచి ఏ భాగం తీసినా, మార్చినా ముందే కాగితం మీద రాసివ్వాలి. గెలిచినవాడికి గాజు పెట్టెలో పెట్టిన బాతు ఈక ఒకటి ఇస్తారు. దాన్ని ఓడినవాడికి కనపడే కిటికీలో పెట్టాలని ఏ నిబంధనా లేదు గానీ, అందరూ పాటిస్తారు. నాలుగేళ్ళుగా ఆ ఈక డెస్మండ్ కిటికీలో ఉంది. నాలుగేళ్ళుగా నెవిల్ రొట్టె కొనడానికి దూరపు కొట్టుకి వెళుతున్నాడు.

అలాంటివాడికి ఒక జనవరి నుంచి దశ తిరిగింది.

మొదట చలి వేయడం మానేసింది. మార్చి నెల, కప్పులేని కారు, ఎదురుగాలి. డెస్మండ్ రెండు కోట్లు, ఉన్ని టోపీ, వాటి మీద ఇంకో టోపీ పెట్టుకుని వణుకుతూ ఉంటే, నెవిల్ చొక్కా చేతులు మడిచి దిగేవాడు. "కెస్ట్రెల్ ఎక్కినవాడికి ఒళ్ళు గట్టిపడుతుంది," అనేవాడు.

తరవాత ఆకలి. కేఫ్‌లో ఒక పళ్ళెం గుడ్లూ బేకనూ అయ్యాక ఇంకో పళ్ళెం. అయినా సన్నబడుతూనే ఉన్నాడు. ఇంతకన్నా వరం ఉంటుందా? లోకంలో సగంమంది తిండి మానేసి ఏడుస్తున్నారు. ఈయన రెట్టింపు తిని తరుగుతున్నాడు!

చేతులు సన్నగా వణికేవి. ఇంజను అదురు, అన్నాడు. ఊరికే పేపరు చదువుతూ కూర్చున్నా గుండె దడదడలాడేది. మే నెల దగ్గరపడుతోంది కదా, ఉత్సాహం, అన్నాడు.

గ్లెనిస్‌కి మాత్రం ఇందులో ఏ వరమూ కనపడలేదు. ఆవిడ చూసింది జారిపోతున్న ప్యాంటుని.

"బెల్టుకి మూడో చిల్లు పెట్టాను," అంది ఒక రోజు. "నాలుగోది పెట్టడానికి తోలు లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళవయ్యా."

"మూడు చిల్లులా? అర గ్రాము తగ్గుంటుంది."

"నెవిల్, నేను నవ్వడం లేదు. నిన్న మెట్లెక్కి వచ్చి మంచం అంచు పట్టుకుని నిలబడ్డావు. నేను చూశాను."

"మే తూకం అవనీ. వెళ్తా."

"తూకం నాటికి నువ్వుండాలిగా."

"ఉంటా. ఎప్పటికన్నా తేలిగ్గా ఉంటా."

గ్లెనిస్ ఇలా పదకొండుసార్లు చెప్పింది. ఫ్రిజ్ మీద డాక్టరు నంబరు రాసి అంటించింది. నెవిల్ దాని మీద బ్రేకు ఆయిలు మార్చవలసిన తేదీ రాసుకున్నాడు.

మే మొదటి ఆదివారం వచ్చింది. విప్పెట్ ముందు ఎక్కింది. క్లబ్బు సెక్రటరీ హ్యూ కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. ఐదు వందల డెబ్భై తొమ్మిది కిలోలు. షెడ్డులో చప్పట్లు. తరవాత కెస్ట్రెల్. నెవిల్ సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. ఊపిరి కూడా బరువేనేమోనని బయటికి వదిలేశాడు.

"ఐదు వందల డెబ్భై మూడు," అన్నాడు హ్యూ.

కిందటేడు ఐదు వందల ఎనభై మూడు! ఒక్క ఏడాదిలో పది కిలోలు మాయం. నెవిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగాలి, అని తుడుచుకున్నాడు. షెడ్డులో గాలి లేదు.

డెస్మండ్ చప్పట్లు కొట్టలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. అక్కడి నుంచే అడిగాడు.

"ఏం తీశావు?"

"ఏం తియ్యలేదు. కాగితం మీద రాసిచ్చాగా."

"తియ్యకుండా పది కిలోలు ఎలా పోతాయి నాయనా? ఆవిరైపోయాయా?"

"ఓడిపోవడం కొత్త కదా నీకు. అలవాటవుతుందిలే."

డెస్మండ్ ఫిర్యాదు రాసిచ్చాడు. హ్యూ తనిఖీకి ఒప్పుకున్నాడు. ఇంక రెండు గంటలు ఈకలు పీకే పని. బ్యాటరీ పాతదే. చక్రాలు పాతవే. స్టెప్నీ ఉంది, స్క్రూడ్రైవరు ఉంది, చివరికి సీటు కింద కిందటేడు పడిపోయిన పిప్పరమెంటు కూడా ఉంది. ఆ కారులో ప్రతి బోల్టూ డెస్మండ్‌కి పేరుపేరునా తెలుసు. ఒక్కటీ తగ్గలేదు.

చివరికి అన్నాడు. "దిగు. ఖాళీ కారు తూద్దాం."

ఖాళీ కారు ఐదు వందల ఒక కిలో. కిందటేడు సరిగ్గా ఐదు వందలు. నెవిల్ శీతాకాలంలో వేసిన కొత్త అద్దం ఒక కిలో పెంచింది, అది కాగితం మీద ఉంది. అంటే కారు బరువెక్కింది. పోయినవి పది కాదు, పదకొండు. ఆ పదకొండు కిలోలూ కారులో పోలేదు.

డెస్మండ్ అద్దం కేసి చూశాడు. తరవాత నెవిల్ మెడ కేసి, కాలరు లోపల రెండు వేళ్ళు పట్టే సందు కేసి చూశాడు.

అక్కడ కార్లని కిలోల్లో తూస్తారు, మనుషుల్ని మాత్రం ఇంకా స్టోన్లనే రాళ్ళల్లో చెప్పుకుంటారు. ఒక్కో రాయి ఆరు కిలోల పైచిలుకు.

"పదమూడు రాళ్ళ మనిషివి," అన్నాడు డెస్మండ్ నెమ్మదిగా. "ఇప్పుడు పదకొండూ చిల్లర. మిగతావి ఎక్కడ పెట్టావురా?"

"వ్యాయామం."

"నువ్వా? పోస్టుడబ్బా దాకా కారులో వెళ్ళే మనిషివి."

నెవిల్ కాలరు పైకి లాగి సందు మూసుకున్నాడు. డెస్మండ్ దగ్గర ఇంకో కాగితం ఉంది. బానెట్టు మీద పెట్టుకుని అక్కడికక్కడే రాశాడు. నడిపేవాడు అనే విడిభాగం కిందటేటి స్థితిలో లేదు. ఆ మార్పు ముందుగా తెలపలేదు. అర్హత గల వైద్యులు పరీక్షించి, ఈ తరుగుదల లోపం వల్ల కాదని ధ్రువీకరించేదాకా ఈక ఇవ్వరాదు. హ్యూ నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. ఫిర్యాదు చెల్లుతుందన్నాడు.

మనిషిని అవమానిస్తే ఊరుకుంటాడు గానీ, తూకాన్ని అవమానిస్తే ఊరుకుంటాడా? సోమవారం ఎనిమిదింటికల్లా నెవిల్ డాక్టరు ఆఫీసుకి ఫోను చేశాడు. లైన్లో తన ముందు ఇరవై రెండుమంది ఉన్నారని యంత్రం చెప్పింది. గ్లెనిస్ కోసం ఇరవై రెండు సెకన్లు ఆగని మనిషి, డెస్మండ్ కోసం గంటా పది నిమిషాలు ఆగాడు.

"చెప్పు బాతూ, ఏమిటి బాధ?" అంది ఫోనెత్తినావిడ. ఆ వైపు ఆప్యాయత పొంగితే ఎదుటి మనిషిని బాతూ అనే పిలుస్తారు.

"బాధేం లేదు. ఒక సర్టిఫికెట్టు కావాలి. అర్జెంటు."

మంగళవారం ఆయన్ని చూసిన డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళుంటాయి. కార్ల గురించి ఏమీ తెలియదు. పాపం, మనిషిని చూసింది.

"చలి ఎక్కువగా వేస్తోందా, తక్కువగానా?"

"అస్సలు వెయ్యదు. మార్చిలో చొక్కాతో తిరిగాను," అన్నాడు నెవిల్ ఛాతీ విరుచుకుని.

"ఆకలి?"

"రెండు బ్రేక్‌ఫాస్టులు."

"చేతులు చాపండి. ఎప్పట్నుంచి ఈ వణుకు?"

"అది ఇంజను అదురు డాక్టర్. కారు దిగాక కూడా కాసేపుంటుంది."

"కారు ఎప్పుడు దిగారు?"

"ఆదివారం."

డాక్టరమ్మ మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. "నిమిషానికి నూట ఇరవై ఎనిమిది."

"మంచిదేనా?" అన్నాడు నెవిల్. ఆయన లోకంలో ఏ చక్రం ఎంత వేగంగా తిరిగితే అంత గొప్ప.

"మీరు కుర్చీలో కూర్చున్నారు ట్రాన్మర్ గారూ. మీ గుండె ఒక్కటే ఎక్కడికో పరుగెడుతోంది. మెడలో థైరాయిడ్ గ్రంథి హద్దు మీరి పనిచేస్తోందని నా అనుమానం. రక్తపరీక్షలో, మెడ స్కాన్‌లో తెలుస్తుంది. ఇంకొన్ని నెలలు ఇలాగే వదిలేసి ఉంటే గుండె లయ తప్పేది. అప్పుడు మీ పేరున రాసే సర్టిఫికెట్టు వేరే ఉంటుంది."

ఆయన ఇంటికి వచ్చేసరికి డెస్మండ్ గేటు దగ్గర కాపు కాసి ఉన్నాడు. నెవిల్ డాక్టరమ్మ రాసిన కాగితం అతని చేతిలో పెట్టాడు. డెస్మండ్ చదివాడు. మడిచాడు. విప్పి మళ్ళీ చదివాడు.

"అయితే రికార్డు కొట్టేస్తారన్నమాట," అన్నాడు.

"కొట్టెయ్యరా మరి. సంబరంగా ఉందా?"

"స్కాన్ ఎప్పుడు?"

"గురువారం."

"నేను తీసుకెళ్తా. నీ తొట్టిలో కాదు, వెరిటీ కారులో. దానికి తలుపులున్నాయి." వెరిటీ అతని భార్య. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పదమూడు రాళ్ళకి తిరిగి రా. ముప్పాతిక మనిషిని ఓడిస్తే నాకేం పేరొస్తుంది?"

మాత్రలు పనిచేశాయి. గుండె కుర్చీలోకి వచ్చి కూర్చుంది. చలి మళ్ళీ వెయ్యడం మొదలైంది. ప్యాంటు నిలబడింది. చలికాలం పోయి ఏప్రిల్ వచ్చేసరికి నెవిల్ పూర్తి పదమూడు రాళ్ళ మనిషి. గ్లెనిస్ సంతోషించింది. నెవిల్ మాత్రం బాత్రూం తూకం మీద నిలబడి, కిందికి చూసి, మే నెల ఎంత దూరంలో ఉందో వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

ఒక మధ్యాహ్నం గ్లెనిస్ గరాజులో కత్తెర వెతుకుతూ పనిబల్ల మీద తెల్లటి పొడి చూసింది. పక్కన బోల్టుల రంపం. దాని పళ్ళ మధ్య కూడా తెల్లటి పొడి. గోరంత డబ్బాలో సగం సగం మాత్రలు, వడ్రంగం మాస్టారి చేతి పనితనం, ఒక్కటీ వంకర లేదు.

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. మొగుణ్ణి పిలవనైనా లేదు. వంటింట్లోకి వెళ్ళి ఫోను తీసింది.

"డెస్మండ్, నెవిల్ బరువు తగ్గించే పనిలో ఉన్నాడు."

"ఏం తీస్తున్నాడు?"

"సగం మాత్ర."

అవతల కాగితం తీసిన చప్పుడు. "రేపటికి కాగితం చేరుతుంది," అన్నాడు.

చేరింది. వైద్యులు నిర్ణయించిన మోతాదుని తగ్గించడం అంటే విడిభాగాన్ని చాటుగా కోయడమేననీ, ఇది నిబంధనలకి విరుద్ధమనీ, కాబట్టి తూకం అయ్యేదాకా, అయిన తరవాత కూడా, రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫిర్యాదుదారు కళ్ళెదుట పూర్తి మాత్ర మింగవలెననీ అందులో ఉంది. హ్యూ ముద్ర కొట్టాడు.

ఆనాటి నుంచి డెస్మండ్ రోజూ ఎనిమిదింటికి గేటు దగ్గర నిలబడతాడు. నెవిల్ మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక చాపి చూపిస్తాడు.

"నియమం అంటే నియమం," అన్నాడు డెస్మండ్ గ్లెనిస్‌తో, లోపలికి వస్తూ. "దానికి నేనేం చెయ్యను."

"పాపం, నువ్వేం చేస్తావు," అంది గ్లెనిస్.

ఇప్పుడు చెప్పండి. ప్రత్యర్థి వరమా కాదా? ఇంటింటికీ ఒకణ్ణి ప్రభుత్వమే ఉచితంగా సరఫరా చెయ్యాలా వద్దా?

ఒక్క చిన్న అనుమానం మాత్రం నన్ను వదలడం లేదు. డెస్మండ్ కాగితం మీద ఒకసారి రాసిందీ, గ్లెనిస్ నోటితో పదకొండుసార్లు చెప్పిందీ ఒకటే మాట. డాక్టరుకి చూపించుకో. రంపంతో గ్రాములు వెతికే మనిషికి ఆ మాట బరువు ఒక్కసారీ తెలియలేదెందుకు? ముప్పై నాలుగేళ్ళు పక్కనే ఉండి చెప్పడం ఆవిడ చేసిన పొరపాటు. ఇంకో కంపెనీ కారు కొనుక్కుని ఎదురుగా నిలబడి ఉంటే, మొదటిసారే వినేవాడు.

మొన్న మంగళవారం గ్లెనిస్‌కి ఫోను వచ్చింది. డెస్మండ్ భార్య వెరిటీ.

"మా ఆయనకి ఎడం చెవి వినపడటం లేదు గ్లెనిస్. ఏడాదయింది. ఇంజను హోరు, అదే పోతుందంటాడు. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది."

"ఏ చెవిలో చెప్పావు?"

"రెండింట్లోనూ."

గ్లెనిస్ సొరుగు లాగి క్లబ్బు ఫిర్యాదు ఫారం ఒకటి తీసింది. కలం మూత నోటితో పీకింది.

"ఎడమ అన్నావు కదూ," అంది రాస్తూనే. "సాయంత్రానికల్లా నెవిల్ చేత సంతకం పెట్టిస్తాను."